క్యాన్సర్ వార్డులో మూడేళ్లు, ఇప్పుడు ఏడుపు కూడా రావడం లేదు: ఒక సీనియర్ నర్సు జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ప్రైవేటు ఆసుపత్రి క్యాన్సర్ వార్డులో మూడేళ్లుగా స్టాఫ్ నర్సు. పోయిన నెలలో మీ షిఫ్టుల్లోనే ఆరుగురు పోయారు. ఆరో మనిషి పోయినప్పుడు ఏడుపు రాలేదు సరికదా, "అమ్మయ్య, ఒక బెడ్ తగ్గింది" అనిపించింది. అలా అనిపించినందుకు మీమీద మీకే అసహ్యం వేసింది. ఇంటికెళ్తే నాలుగేళ్ల బాబు మీద అరుస్తున్నారు. సీనియర్లను అడిగితే "అలవాటు పడాలి, పేషెంట్లతో అంత అటాచ్ అవ్వకూడదు" అన్నారు. నేను రాయిని అయిపోతున్నానా, ఉద్యోగం మానేయాలా అని అడిగారు.

నేను ఇరవై మూడేళ్లుగా నర్సుని. మొదట జనరల్ మెడిసిన్, తర్వాత ఐసీయూ, పన్నెండేళ్ల నుంచి పాలియేటివ్ కేర్. అంటే జబ్బు ఇక నయం కాదని తేలాక నొప్పి, ఆయాసం తగ్గిస్తూ చివరిదాకా చూసుకునే పని. "ఒక బెడ్ తగ్గింది" అని నాకూ అనిపించింది, ఒకసారి కాదు చాలాసార్లు. మీ ప్రశ్నలో ఒక మూల మీరే రాశారు చూడండి, నైట్ డ్యూటీలో పద్దెనిమిది మందికి ఇద్దరు సిస్టర్లు అని. ఆ ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. దాన్ని మీ గుణం కింద జమ వేసుకోకండి.

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఇది: నర్సుని కుంగదీసేది చావు కాదు, సరిగ్గా చూసుకోలేకపోయిన చావు. ఒకే వారంలో నేను చూసిన ఇద్దరి గురించి చెప్తాను. ఒకాయన లారీ డ్రైవరు, గుట్కా అలవాటు, నోటి క్యాన్సర్. దవడ పుండు పడి, వాసన వచ్చేది. ఆ పుండు రోజూ కడిగి, వాసన తగ్గడానికి మెట్రోనిడజోల్ పొడి చల్లి కట్టు కట్టేవాళ్లం. నొప్పి తగ్గించే మార్ఫిన్ టైముకి పడేది. భార్య మంచం పక్కనే కూర్చుని అరికాళ్లు పడుతుండగా పోయాడు. మేం ఇద్దరం సిస్టర్లం ఏడ్చాం, తర్వాత వెళ్లి అన్నం తిన్నాం. నిద్ర కూడా పట్టింది. రెండో ఆయన రిటైరైన టీచరు, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. నైట్ డ్యూటీలో నేనొక్కదాన్నే. కేస్ షీట్‌లో మార్ఫిన్ రాసి లేదు. డ్యూటీ డాక్టర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాను. "పారాసెటమాల్ పెట్టండి సిస్టర్, పొద్దున సార్ వచ్చాక చూద్దాం" అన్నారు. తెల్లారేదాకా ఆయన అరుస్తూనే ఉన్నాడు. మధ్యలో నన్ను పట్టుకుని "అమ్మా, నువ్వైనా ఏదైనా చెయ్యి" అన్నాడు. మర్నాడు సాయంత్రం పోయాడు. అప్పుడు నాకూ కన్నీళ్లు రాలేదు. నెల తిరక్కుండా ఆ ఉద్యోగం మానేశాను.

ఏం చేయాలో తెలిసి కూడా చేయనివ్వని పరిస్థితిలో పడే బాధకు ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్వవేత్త 1984లో, నర్సుల గురించి రాస్తూనే, మోరల్ డిస్ట్రెస్ అని పేరు పెట్టాడు. నాకు ఆ పేరు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజు మాత్రం, నేను పిరికిదాన్ని కాదన్నమాట అనుకున్నాను.

అందుకే బర్నౌట్ గురించి, అంటే పని భారంతో మనిషి లోపల ఒట్టిపోవడం గురించి, ఎవరడిగినా నేను యోగాతోనో ధ్యానంతోనో మొదలుపెట్టను. వాటిమీద నాకు కోపమేం లేదు. కానీ పద్దెనిమిది మందిని చూసి వచ్చిన మనిషికి పావుగంట ప్రాణాయామం చెప్పి పంపితే, తప్పు ఆమె ఊపిరిదే అన్నట్టుంటుంది. ముందు వార్డు సంగతి చూద్దాం.

రేపటి నుంచే మీరు చేయగలిగిన పని ఒకటుంది. సాయంత్రం రౌండ్స్ అయ్యేలోపు, చివరి దశలో ఉన్న ప్రతి పేషెంటు కేస్ షీట్‌లో నాలుగు విషయాలకు ముందే ఆర్డర్ రాయించుకోండి: నొప్పి పెరిగితే ఏమివ్వాలి, ఆయాసం వస్తే ఏమివ్వాలి, వాంతులైతే, కలవరంతో మంచం దిగబోతుంటే. మందు పేరు, డోసు, ఎన్ని గంటలకోసారి ఇవ్వొచ్చు, అన్నీ స్పష్టంగా ఉండాలి. నోటి మార్ఫిన్ నాలుగు గంటలకోసారి నడుస్తుంటే, మధ్యలో నొప్పి తన్నుకొస్తే ఇవ్వాల్సిన అదనపు డోసు కూడా రాసి ఉండాలి. మలబద్ధకం మందు దాంతోపాటే ఉండాలి, లేకపోతే మూడోరోజు పేషెంటే "ఆ మాత్ర వద్దు" అంటాడు. కొందరు డాక్టర్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. "సార్, రాత్రి రెండింటికి మీకు ఫోన్ చేయకుండా ఉండటానికే" అనండి, చాలామంది రాస్తారు. మా వార్డులో ఇది అలవాటయ్యాక నైట్ డ్యూటీ అంటే భయం సగం పోయింది.

మీ ఆసుపత్రిలో అసలు మార్ఫినే ఉంచకపోతే అది వేరే సమస్య. మత్తు పదార్థాలను అదుపు చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం తర్వాత లైసెన్సుల తలనొప్పికి భయపడి చాలా ఆసుపత్రులు దాన్ని తెప్పించడం మానేశాయి. 2014లో చట్టం సవరించి దారి సులువు చేశారు. భయం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. ఇది నర్సు ఒక్కతే తేల్చే పని కాదు, కానీ నర్సులకు పెద్ద అయిన మేట్రన్ ద్వారా రాతపూర్వకంగా అడగవచ్చు.

రెండోది, చివరి రోజుల్లో ఒంట్లో ఏం జరుగుతుందో బాగా నేర్చుకోండి. జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమాలో మాకు ఈ పాఠం పేజీన్నర ఉండేదేమో. గొంతులో గురగుర చప్పుడు వచ్చేసరికి పేషెంటుకి తోడున్నవాళ్లు "ఊపిరాడటం లేదు సిస్టర్" అని పరుగెత్తుకొస్తారు, మనం ఊట లాగేసే సక్షన్ గొట్టం పట్టుకుని పరుగెడతాం. నిజానికి ఆ దశకు వచ్చిన మనిషి చాలావరకు స్పృహలో ఉండడు. మింగలేని ఊట గొంతులో చేరి చప్పుడు చేస్తుంది, అంతే. పక్కకి తిప్పి పడుకోబెట్టడం, డాక్టర్‌తో మాట్లాడి సెలైన్ తగ్గించడం, అవసరమైతే ఊట తగ్గించే గ్లైకోపైరోలేట్ లాంటి ఇంజెక్షన్ ఇవ్వడం, చేయాల్సింది ఇంతే. లోతుగా సక్షన్ చేస్తే బాధే ఎక్కువ. ఆయాసానికి ముఖం మీదికి గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెట్టి చూడండి, ఎంత తేడా వస్తుందో. పెదాలు, నాలుక తడిగుడ్డతో తుడవడం కూతురికో కొడుకుకో నేర్పించండి, వాళ్ల చేతికి ఒక పని దొరుకుతుంది. ఇవన్నీ జరగబోతాయని ఇంటివాళ్లకు ఒకరోజు ముందే చెప్పి ఉంచితే, ఆ రాత్రి మీమీద అరిచేవాళ్లుండరు. పని వచ్చినకొద్దీ నిస్సహాయత తగ్గుతుంది. తిరువనంతపురంలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ మొదలుపెట్టిన పాలియం ఇండియా నర్సులకు కోర్సులు నడుపుతుంది, హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. అక్కడ కొన్ని వారాలు శిక్షణకు పంపమని అడగండి.

ఇక అబద్ధాల సంగతి. మీరు రాయలేదు కానీ మీ వార్డులో కూడా ఉండే ఉంటుంది. "మా నాన్నగారికి క్యాన్సర్ అని చెప్పకండి సిస్టర్, గుండె ఆగిపోతుంది." కొడుకులు మాట తీసుకుని రాత్రి ఇంటికెళ్లిపోతారు. ఒంటిగంటకు ఆ నాన్నగారు మనల్నే అడుగుతారు, "నాకు తగ్గుతుందా తల్లీ?" అని. మనం "తగ్గుతుంది బాబాయ్, పడుకోండి" అంటాం. ఆయనకు తెలుసు మనం అబద్ధం చెప్తున్నామని, మనకూ తెలుసు ఆయనకు తెలుసని. ఇది నెలకు పదిసార్లు జరిగితే మనిషి లోపల ఏదో అరిగిపోతుంది. నేను ఎన్నో ఏళ్లు అలాగే చెప్పాను. ఇప్పుడు చెప్పను. అలాగని జబ్బు పేరు చెప్పేసే అధికారమూ నాకు లేదు. "మీకేమనిపిస్తోంది బాబాయ్?" అని స్టూలు లాక్కుని కూర్చుంటాను. సగం మంది వాళ్లే చెప్తారు. "నాకు తెలుసులే, పిల్లలకు చెప్పకు, వాళ్లు తట్టుకోలేరు" అన్న పెద్దమనుషులు ఎంతమందో. పొద్దున్నే కొడుకుని పక్కకు పిలిచి "నాన్నగారు రాత్రి ఇలా అడిగారు, డాక్టర్‌గారితో కూర్చుని మాట్లాడదాం" అంటాను. ఆ సంభాషణ కేస్ షీట్‌లో రెండు లైన్లు రాస్తాను. నోట్లో అబద్ధం పెట్టుకుని షిఫ్టు ముగించడం లేదు, నాకు అది చాలు.

అటాచ్ అవ్వొద్దన్న సలహా మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. 1960లో ఇసబెల్ మెంజీస్ అనే మానసిక విశ్లేషకురాలు లండన్‌లో ఒక పెద్ద ఆసుపత్రి నర్సుల గురించి రాశారు. అక్కడ పేషెంటుని పేరుతో కాకుండా బెడ్ నంబరుతో, జబ్బుతో పిలిచేవారు. నర్సులను ఎవరితోనూ ఎక్కువసేపు ఉండనీయకుండా పనిని ముక్కలు చేసి పంచేవారు. ఇదంతా నర్సుల ఆందోళన తగ్గించడానికట. ఆందోళన తగ్గలేదు, పైగా పనిలో దొరికే తృప్తి పోయింది. చాలామంది విద్యార్థినులు శిక్షణ మధ్యలోనే వెళ్లిపోయేవారు. మన వార్డుల్లో "పన్నెండో బెడ్ లివర్ పోయింది" అని షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ ఇస్తాం కదా, అదే ఇది. అటాచ్ కాకుండా ఉంటే బాధ తప్పుతుందనుకుంటాం, కానీ బాధ ఎక్కడికీ పోదు. "ఈవిడకు నా చేత్తో జడ వేశాను" అన్న సంతోషం మాత్రం పోతుంది. నేను కొత్త పిల్లలకు చెప్పేది ఒకటే, హ్యాండోవర్‌లో పేరు చెప్పండి, జబ్బు కాక ఆ మనిషి గురించి ఇంకొక్క ముక్క చెప్పండి. "టీ చల్లగా ఉంటే తాగరు" అన్నా సరే.

హద్దులు మాత్రం కావాలి. నా సొంత ఫోన్ నంబరు ఇవ్వను, వార్డు ఫోన్ నంబరు ఇస్తాను. ఒకప్పుడు ఇచ్చాను. డ్యూటీ లేని రోజున రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో పుండు ఫోటోలు వచ్చేవి, నేను అన్నం కంచం ముందు కూర్చుని అవి చూసేదాన్ని. డబ్బు ఇవ్వను. ఇది చెప్పడానికి కష్టంగానే ఉంది, ఒకసారి అంబులెన్సుకి మూడు వేలు ఇచ్చాక వార్డంతా నన్నే అడగడం మొదలైంది. సోషల్ వర్కర్ దగ్గరికి పంపడం నేర్చుకున్నాను. దినాలకు పిలిస్తే వెళ్లను. పదిహేను రోజులయ్యాక వార్డు నుంచే ఒక ఫోన్ చేస్తాను. ఎలా ఉన్నారు, నిద్ర పడుతోందా అని అడుగుతాను. వాళ్లకేమో గానీ నాకు దాంతో ఆ మనిషి సంగతి ఒక కొలిక్కి వచ్చినట్టుంటుంది.

ప్రాణం పోయాక జరిగేదాని గురించి. మన దగ్గర ఈసీజీ సరళరేఖ వస్తుంది, డాక్టర్ టైము చెప్తారు, ట్యూబులు తీస్తాం, బాడీ ప్యాక్ చేస్తాం, బిల్లింగ్ దగ్గర గొడవ నడుస్తుంది, అరగంటలో అదే బెడ్ మీదికి కొత్త అడ్మిషన్. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జొనాథన్ బార్టెల్స్ అనే ఎమర్జెన్సీ నర్సు ఒక పద్ధతి మొదలుపెట్టాడు. మరణం నిర్ధారించాక గదిలో ఉన్నవాళ్లంతా ఒక్క నిమిషం మౌనంగా నిలబడాలి, అంతే. మేము దాన్ని మనకు తగ్గట్టు మార్చుకున్నాం. ఇంటివాళ్లను అడుగుతాం. తులసి నీళ్లు పోస్తామంటే పోయనిస్తాం, కలిమా చదువుతామంటే, ప్రార్థన చేస్తామంటే పక్కన నిలబడతాం. ఎవరూ లేకపోతే మేమే, ఆయమ్మ, వార్డ్ బాయ్‌తో సహా, ఒక నిమిషం నిలబడతాం. ఆ పేషెంటుని చూసిన సిస్టరుకి ఆ బెడ్‌లో వచ్చే కొత్త అడ్మిషన్ ఇవ్వం, ఇంకొకరు తీసుకుంటారు. ఆమెకు పది నిమిషాలు, ఒక టీ. ఇంతకంటే ఖర్చేం లేదు. మేట్రన్ ఒప్పుకోవడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది!

గురువారం మధ్యాహ్నం రెండింటికి, మార్నింగ్ వాళ్లు దిగి ఈవెనింగ్ వాళ్లు ఎక్కే సమయంలో అరగంట కూర్చుంటాం. ఆ వారం పోయినవాళ్లలో ఒకరి గురించే మాట్లాడతాం. ఎవరిది తప్పు అన్నది అక్కడ రాకూడదు, దానికి వేరే మీటింగులున్నాయి. ఏది గుచ్చుకుంది, ఏది బాగా జరిగింది. మొదటి నెల అందరూ ఫోన్లు చూసుకున్నారు. ఒకరోజు మా ఆయమ్మ మాట్లాడింది. క్యాన్సర్‌తో మంచం పట్టిన మనిషిని, ఇంటి ఓనరు "అద్దె ఇంట్లో ప్రాణం పోకూడదు" అన్నాడని ఆ కుటుంబం మళ్లీ వార్డుకే తెచ్చింది. "నేనూ అద్దె ఇంట్లోనే ఉంటా, రేపు నా గతి కూడా ఇంతేగా" అని ఆవిడ ఏడ్చింది. ఆ రోజు నుంచి అందరూ మాట్లాడుతున్నారు. బోస్టన్‌లో 1997 నుంచి స్వార్ట్జ్ సెంటర్ వాళ్లు ఇలాంటి కూటములు నడిపిస్తున్నారు, డాక్టర్లు కూడా వస్తారట. మా దగ్గర ఇప్పటికి ఒక్క డాక్టరమ్మే వస్తుంది.

ఇవన్నీ చేసినా పద్దెనిమిది మందికి ఇద్దరే ఉంటే కొంతవరకే. ఈ మాట మీ యాజమాన్యం చెవిన పడాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం జనరల్ వార్డులో టీచింగ్ ఆసుపత్రిలో ముగ్గురికి ఒకరు, మిగతాచోట్ల ఐదుగురికి ఒకరు ఉండాలి. లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సుకి ఒక్కో పేషెంటు పెరిగేకొద్దీ బర్నౌట్ అవకాశం 23 శాతం, సర్జరీ పేషెంట్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగాయి. మొదటి అంకె చూపిస్తే మేనేజ్‌మెంట్ కదలదు, రెండోది చూపించండి. ఒక్కరే వెళ్లకండి, నలుగురు సంతకాలు పెట్టి వెళ్లండి. అదనపు మనుషులు రాకపోయినా, చివరి దశ పేషెంట్లందరినీ ఒకే సిస్టరుకి వేయకుండా, వరుసగా ఏడు నైట్లు పడకుండా డ్యూటీ చార్ట్ మార్చమని అడగండి. అది ఇన్‌ఛార్జ్ సిస్టర్ చేతిలో పనే.

ఇంటి విషయం. నేను డ్యూటీ నుంచి రాగానే మా అత్తగారు గుమ్మంలోనే ఆపి, పెరట్లో స్నానం చేసి రమ్మనేవారు. ఎవరో పోయిన చోటు నుంచి వచ్చానని, మైల అని. ఏళ్ల తరబడి నాకు ఒళ్లు మండేది. నేనేం అంటరానిదాన్నా అనుకునేదాన్ని. ఆవిడ పోయాక ఒకరోజు డ్యూటీ దిగి నేరుగా ఇంట్లోకి వెళ్లి, పిల్లమీద గయ్యిమన్నాను. అప్పుడు తెలిసింది ఆ నాలుగు చెంబుల నీళ్లు ఏం చేసేవో. ఇప్పుడు మైల అని కాదు గానీ, స్నానం చేసేదాకా ఎవరూ నాతో మాట్లాడరు, అది మా ఇంట్లో నియమం. ఆ నీళ్ల కింద ఆ రోజు పోయిన మనిషి పేరు ఒకసారి అనుకుంటాను. మీ బాబుకి కూడా చెప్పండి, "అమ్మ స్నానం చేసి వచ్చాక ఎత్తుకుంటుంది" అని. నాలుగేళ్ల పిల్లలకు అర్థమవుతుంది.

చివరిగా, మీకున్నది బర్నౌటేనా అన్నది. క్రిస్టీనా మాస్లాక్ అనే మనస్తత్వవేత్త చెప్పిన మూడు లక్షణాలు ఇవి: ఒట్టిపోయినట్టు అలసట, ఎదుటి మనిషి వస్తువులా కనిపించడం, నేను చేసేదానికి విలువ లేదనిపించడం. మొదటి రెండూ మీ మాటల్లో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక పనికి సంబంధించిన స్థితిగానే లెక్కేస్తుంది. కానీ వీక్లీ ఆఫ్ రోజున కూడా ఏదీ బాగా అనిపించకపోయినా, రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోయినా, చచ్చిపోతే బాగుండనిపించినా అది డిప్రెషన్ కావచ్చు, డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే. 14416కి ఫోన్ చేయండి, మానసిక ఆరోగ్యానికి సాయం చేసే టెలిమానస్, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను, నిద్ర కోసం వార్డు స్టాక్‌లోంచి మాత్ర తీసుకోవద్దు. నాకు తెలిసిన మంచి సిస్టర్ ఒకరు అలా మొదలుపెట్టి ఉద్యోగం పోగొట్టుకున్నారు.

మానేయాలా అంటే, ఈ నెలే వద్దు. ముందు ఉన్న లీవు నుంచి పది రోజులు తీసుకోండి, అలసటలో రాజీనామా రాయకండి. తిరిగొచ్చాక సాయంత్రం ఆర్డర్లు, డ్యూటీ చార్ట్ ఈ రెండూ అడిగి మూడు నెలలు చూడండి. ఏదీ కదలకపోతే వార్డు మారండి, లేదా ఆసుపత్రి మారండి. ఇళ్లకు వెళ్లి చూసే హోమ్ కేర్ కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాల నర్సులు "ఆలన" బండ్లలో ఊళ్లకు వెళ్తారు. టీచర్‌గారు పోయాక ఆ ఉద్యోగం మానేసి నేను ఎనిమిది నెలలు ఇంట్లో ఉన్నాను. ఆ ఎనిమిది నెలల్లో ఆ టీచర్‌గారి అరుపు వినిపించడం ఆగలేదు. తిరిగి చేరిన రెండో వారంలో, అలాంటి నొప్పితోనే వచ్చిన ఒకావిడకు రాసి ఉన్న ఆర్డర్ చూసి రాత్రి రెండుంబావుకి మార్ఫిన్ ఇచ్చాను. మూడింటికి ఆవిడ పడుకుంది. నేను కిటికీ పక్కన నిలబడి, ఆ టీచర్‌గారి కోసం, అప్పుడు ఏడ్చాను.